సర్హింద్ నుంచి చిత్లీ ఖబర్ దాకా

దర్గా అంటే ఖవ్వాలీ ఉంటుందనుకుంటాం. పంజాబ్‌లోని సర్హింద్ రౌజా షరీఫ్‌లో అదేమీ లేదు. నక్ష్‌బందీలనే ఈ సూఫీ శాఖ వారి జిక్ర్, అంటే దైవనామ స్మరణ, మనసులోనే సాగుతుంది, పెదవి కూడా కదలదు. నాన్న కళ్లు మూసుకుని కూర్చుంటే నేను గుమ్మటం చూస్తూ ఉండిపోయాను.

ఇక్కడున్నది షేక్ అహ్మద్ సర్హిందీ (1564–1624) సమాధి. ప్రతి నూరేళ్లకూ ధర్మాన్ని మళ్లీ నిలబెట్టే మనిషి (ముజద్దిద్) వస్తాడని హదీసు, అంటే ప్రవక్త మాట. హిజ్రీ లెక్కలో వెయ్యేళ్లు నిండిన కాలం కాబట్టి ఈయన్ని ఏకంగా రెండో సహస్రాబ్ది ముజద్దిద్ అన్నారు. ఉన్నదంతా దైవమే అన్న సూఫీల మాటను ఆయన సరిదిద్దబోయారు. సాధకుడికి అలా అనిపిస్తుందే గానీ సృష్టీ, సృష్టికర్తా ఒకటి కావన్నారు. పగలు చుక్కలు కనబడకపోతే లేనట్టు కాదుగా అని ఆయన వాదన. ఇదంతా 500కు పైగా ఉత్తరాల్లో ఉంది. జహంగీర్ ఆయన్ని 1619లో గ్వాలియర్ కోటలో బంధించాడు.

ఆ ఉత్తరాల్లోనే హిందువుల మీద, సిక్కుల మీద చాలా కటువైన మాటలూ ఉన్నాయి. రౌజాకు కాస్త దూరంలో ఫతేగఢ్ సాహిబ్ గురుద్వారా. గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ బలిగొన్న చోటు అది. సర్హిందీ పోయిన ఎనభై ఏళ్లకు జరిగింది. అక్కడి లంగర్‌లో పప్పు, రొట్టెలు తిన్నామన్నమాటే గానీ నాకు ఆ ఉత్తరాలే బుర్రలో తిరుగుతున్నాయి.

ఢిల్లీలో చిత్లీ ఖబర్ దగ్గరి ఖాన్‌ఖాకు, అంటే సూఫీల మఠానికి, వెళ్లాం. 1781లో హత్యకు గురైన సూఫీ గురువు మిర్జా మజ్హర్ జానెజానా సమాధి అక్కడే ఉంది. ఆయనా సర్హిందీ సిల్‌సిలా (గురుశిష్య పరంపర) వారే. కానీ వేదాలు దేవుడు పంపినవేనని, ఈ దేశానికీ ప్రవక్తలు వచ్చారని ఒక ఉత్తరంలో రాశారు. ఆయన శిష్యుడు షా గులాం అలీ దగ్గరికి కుర్దిస్తాన్ నుంచి మౌలానా ఖాలిద్ వచ్చి, నేర్చుకున్నది తుర్కుల ఉస్మానీ (ఒట్టోమన్) రాజ్యమంతా పాకించారు. గులాం అలీ మరో శిష్యుడు సాదుల్లా షా హైదరాబాద్ చేరారు. మిస్రీగంజ్ నక్ష్‌బందీ చమన్‌లో సమాధి ఉన్న అబ్దుల్లా షా సాహెబ్ (1872–1964) ఆ వరుసలోని వారే. నాన్నకు తాలీమ్ (శిక్షణ) అందిందీ ఆ దారిలోనే.

"మరి ఆ కటువు మాటల సంగతేంటి?" అని నాన్నను అడిగాను.

"ఆ కాలం అలాంటిది రా."

"మజ్హర్ సాహెబ్ కాలం మాత్రం బాగుందా? నాదిర్ షా ఢిల్లీని దోచింది ఆయన కళ్ల ముందే కదా."

నాన్న ఒప్పుకోలేదు. అసర్ నమాజు వేళైందని, ముందుగా కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు లేచారు. రైల్లో మళ్లీ అడుగుతానని ఆయనకు తెలుసు.