బుగాక్సాన్ కొండ మీద పైన్ చెట్టు

సియోల్‌లో అధ్యక్ష భవనం బ్లూ హౌస్ వెనకున్న బుగాక్సాన్ కొండ ఎక్కాను. దారిలో ఒక పైన్ చెట్టుకి తూటా దెబ్బలు, వాటి చుట్టూ గుర్తుగా రంగు. 1968 జనవరిలో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీని చంపడానికి ఉత్తర కొరియా కమాండోలు 31 మంది ఈ చుట్టుపక్కల దాకా వచ్చేశారు. సరిహద్దు ఇక్కడికి సుమారు 50 కిలోమీటర్లే మరి!

ఈ నగరాన్ని కాపాడే రాజధాని రక్షణ కమాండ్ 1961లో పుట్టింది, ఇప్పటి పేరు 1984లో వచ్చింది. శత్రువుని ఆపడం దాని పని. కానీ నన్ను కదిలించింది లోపలివాళ్ల నుంచి వచ్చిన ముప్పు. 1979 డిసెంబర్ 12 రాత్రి సైన్యాధికారి చున్ డూ హ్వాన్ తిరుగుబాటు చేస్తే, అప్పటి కమాండర్ జాంగ్ తే వాన్ లొంగనన్నారు. ఆయన కింది అధికారులే కొందరు అప్పటికే అవతలివైపు చేరిపోయారు. చివరికి సొంత కార్యాలయంలోనే ఆయన్ని అరెస్టు చేశారు. ఆ తర్వాత రెండు మూడేళ్లలో తండ్రి పోయారు, చదువుకుంటున్న కొడుకూ పోయాడు. ఇది తెలిశాక చాలాసేపు మనసు మనసులో లేదు.

2024 డిసెంబర్ 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించి ఇదే కమాండ్ సైనికుల్ని కూడా పార్లమెంటుకి పంపారు. జనం అడ్డు నిలబడ్డారు, సభ్యులు లోపల ఓటేసి ఆ ఉత్తర్వుని రద్దు చేయించారు. జాంగ్ గారు అప్పటికి లేరు. ఉండుంటే ఎంత సంతోషించేవారో!