బెజవాడ ఎండకు ఎన్ని రంగులు?

రోజుకో వరస, ఆ రోజు ఎండను బట్టి రంగు. అలా ఏడాదంతా ఒక క్రోషా దుప్పటి అల్లాలని కూర్చున్నాను. నాకు దొరికిన రంగుల పట్టిక చలిదేశాలది: సున్నాకు నీలం, 30 దాటితే ఎరుపు. ఆ లెక్కన మా విజయవాడ దుప్పటి దాదాపు మొత్తం ఎరుపే! జనవరి మధ్యాహ్నాలే ఇక్కడ 30 దగ్గర ఉంటాయి మరి. అందుకే రెండేసి డిగ్రీలకో రంగు పెట్టుకున్నాను. 28 లోపు ముసురు రోజులకు ముదురు నీలం, 44 దాటితే మెరూన్, మొత్తం పది రంగులు. వరస అర సెంటీమీటరే అనుకున్నా 365 వరసలకు 1.8 మీటర్ల పైనే వస్తుంది. ఊలు వద్దు బాబోయ్, నూలు దారమే.

బీసెంట్ రోడ్డులో రంగులు ఏరుతుంటే అమ్మ అడిగింది, "ఈ ఊళ్లో దుప్పటి కప్పుకునేదెవరే?"

ఏసీ ఉందిగా అన్నాను.

"కరెంటు పోతే?"

దానికి రంగు పెట్టలేదు.