సిగ్నల్స్ సార్, ఎఫ్-బ్లాక్, ఒక క్యాసెట్

"నువ్వు రాయకపోతే నీ ఫోటో కింద మేమే ఏదో ఒకటి రాసేస్తాం" అని మన బ్యాచ్ రీయూనియన్ కమిటీ మెసేజ్ పెట్టింది. ఆ బెదిరింపు ఎవరిదో మీకందరికీ తెలుసు. సాంబారులో దొరికిన వస్తువు గురించీ, గుండు పందెం గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నేను మాత్రం ఆ క్యాసెట్ గురించి, మనకి సిగ్నల్స్ పాఠం చెప్పిన సిగ్నల్స్ సార్ గురించి రాస్తాను.

1994లో ఇంగ్లాండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ 'ది డివిజన్ బెల్' వచ్చింది. మా బాబాయి లండన్ నుంచి తెచ్చిన క్యాసెట్ మన హాస్టల్ ఎఫ్-బ్లాక్‌లో తిరగని గది లేదు. అట్ట మీద ఎదురెదురుగా రెండు రాతి తలలు. పొట్టి స్వామి ఎక్కడో సీడీ చూసొచ్చాడు. దాని మీద లోహపు తలలున్నాయి, నీది డూప్లికేట్ అని ఏడిపించేవాడు. క్యాసెట్ కోసం విడిగా రాతి శిల్పాలు చేయించారని, రెండూ అసలువేనని తెలిసేసరికి చదువులే అయిపోయాయి.

స్వామిది ఒకటే వాదన. పాటలు రాసే రోజర్ వాటర్స్ 1985లోనే బ్యాండ్ వదిలి వెళ్ళిపోయాడు, అతను లేని ఫ్లాయిడ్ ఫ్లాయిడే కాదు. నేను కీబోర్డు వాయించే రిక్ రైట్‌ని ముందుకు తోసేవాణ్ణి. ఒకప్పుడు బ్యాండ్‌లోంచి పంపించేసిన మనిషి, యాభై ఏళ్ళ వయసులో 'వేరింగ్ ది ఇన్‌సైడ్ అవుట్' పాడాడు. 1973లో వచ్చిన 'డార్క్ సైడ్' ఆల్బమ్ తర్వాత మళ్ళీ అతను ముందుండి పాడింది ఇందులోనే. ఇందులో 'టేక్ ఇట్ బ్యాక్' పాట నాకూ ఎక్కదు, ఆ మాట అప్పుడు స్వామికి చెప్పలేదు.

ఒకరోజు ల్యాబ్‌లో తొమ్మిదో పాట, 'కీప్ టాకింగ్', నడుస్తోంది. సిగ్నల్స్ సార్ వచ్చారు. టేప్ ఆపబోయాం.

"ఆపకండి. ఎవరా మాట్లాడేది?"

మాట పోయి యంత్రంతో మాట్లాడే భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ అన్నాం. బ్రిటిష్ టెలికాం ప్రకటనలో ఆయన చెప్పిన మాటలను బ్యాండ్ గిటారిస్టు గిల్మర్ పాటలో పెట్టుకున్నాడు. మనిషి మాట్లాడటం నేర్చాకే కథ మారిందని ఆ మాటల సారం.

"హాకింగ్ కాదురా, ఆయన యంత్రం" అంటూ సార్ వెనక్కి తిప్పించి, కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నారు. చాక్‌పీస్ తీసుకున్నారు. "గొంతు బజర్. నోరు ఫిల్టర్. అంతే!" 'ఆ' అని సాగదీశారు, 'ఈ' అని సాగదీశారు, మా అందరి చేతా అనిపించారు. పక్క ల్యాబ్ వాళ్ళు వచ్చి తొంగిచూశారు. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ధ్వని బలంగా ఉంటుందో చూపే గ్రాఫ్‌లో 'ఈ'కి ఒక శిఖరం 300 హెర్ట్జ్ దగ్గర, ఇంకోటి 2,300 దరిదాపుల్లో గీశారు. ఆ శిఖరాలను అటూ ఇటూ జరిపితే యంత్రం అచ్చులు పలుకుతుందట. అమెరికాలోని ఎంఐటీలో డెన్నిస్ క్లాట్ అనే పరిశోధకుడు తన గొంతునే నమూనాగా పెట్టుకుని చేసిన పని అది. అందుకే ఇంగ్లాండ్ హాకింగ్‌ది అమెరికన్ యాస! బెల్ కొట్టినా సార్‌కి వినపడలేదు.

"మరి మన 'ళ' ఎవడు పలికిస్తాడ్రా దీని చేత?" అన్నారు చివర్లో. నన్నే చూసి అన్నారని నేననుకున్నాను. తననే చూసి అన్నారని బండోడు బల్ల కిందికి దూరాడు.

బ్యాక్‌లాగులు, ప్లేస్‌మెంట్లు, వీసాలు, పెళ్ళిళ్ళు... అన్నీ దాటేస్తున్నాను. క్లీవ్‌లాండ్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళి ఆ లోహపు తలల కింద నిలబడి ఫోటో దిగాను, స్వామికి పంపాను, ఇప్పటిదాకా జవాబు లేదు. నా ఉద్యోగం కంప్యూటర్ చేత తెలుగు పలికించడం. మొన్న మా టీం చేసిన గొంతుతోనే మా అమ్మకి ఫోనొచ్చింది. "ఎవరో అమ్మాయిరా, ఎంత మర్యాదగా మాట్లాడిందో, పెళ్ళయిందో లేదో కనుక్కో" అంది. 'ళ' బ్రహ్మాండంగా పలుకుతుంది.

సార్ ఈసారి వస్తున్నారట. ల్యాప్‌టాప్ తెస్తున్నాను, ఆ గొంతు ఆయనకు వినిపించాలి. కమిటీ వారూ, మైకు సెట్టు మంచిది పెట్టించండి. స్వామీ, నువ్వూ రా. భోజనాలకి ముందు పదకొండో పాట పెడతాను. 'హై హోప్స్' చివర్లో గిల్మర్ ఆ గిటార్ వాయించాక కూడా వాటర్స్ లేడని అనగలిగితే, స్టేజీ మీదే అను.