గొయా తొలినాళ్ల ఎచింగ్‌కి రాగి రేకు మీద నకలు: నా అనుభవం

గుంజకు ఆనించి కూర్చోబెట్టి, మెడకు ఇనప పట్టీ బిగించి చంపిన మనిషి. చేతుల్లో శిలువ, పక్కన పొడవాటి కొవ్వొత్తి. చంపినవాడు బొమ్మలో లేడు. ఇది 1778–80 ప్రాంతంలో స్పెయిన్ చిత్రకారుడు గొయా చేసిన ఎచింగ్. అంటే రేకు మీది మైనం పూతలో గీసి, ఆ గీతల్ని ద్రావకంతో కొరికించి, గుంటల్లో సిరా నింపి, పైన తుడిచి అచ్చు తీయడం. ఇందులో అక్వాటింట్ (రేకు మీద రేణువుల పూతతో నీడల్ని పరిచే పద్ధతి) కూడా లేదు, దాన్ని ఆయన 1799 నాటి అచ్చుబొమ్మల వరస ‘కాప్రిచోస్’లో విరివిగా వాడాడు. ఇక్కడ నీడంతా గీతలే. అందుకే అభ్యాసానికి దీన్ని ఎంచుకున్నాను.

రాణిగంజ్‌లో రాగి రేకు కొనేటప్పుడు గీతలు పడని ముక్క ఏరుకోవాలి. అంచుల్ని ఆకురాయితో ఏటవాలుగా అరగదీయకపోతే ప్రెస్సులో కాగితం, ఫెల్టు రెండూ తెగుతాయి. తర్వాత సుద్దపొడి, అమ్మోనియాతో తోమాలి. నీళ్లు బొట్లుగా విడిపోకుండా పొరలా నిలిస్తే జిడ్డు పోయినట్టే.

గ్రౌండుకి, అంటే రేకుని ద్రావకం నుంచి కాపాడే ఆ మైనం పూతకి, తేనెమైనం 2 పాళ్లు, బిటుమెన్ 2, రోజిన్ 1. మన ఎండలకు ఇది మెత్తబడి చేతికి అంటుకుంటుంది కాబట్టి చేతికింద చెక్క వంతెన తప్పదు. అచ్చులో బొమ్మ తిరగబడుతుంది, ట్రేసింగ్‌ని బోర్లించి దించుకోవాలి.

రాగిని కొరికే ఫెర్రిక్ క్లోరైడ్ కోఠి గుజరాతీ గల్లీలో, సర్క్యూట్ బోర్డుల సామాను అమ్మేచోట దొరుకుతుంది. పొడిని నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యాలి. పొడి మీద నీళ్లు పోస్తే వేడెక్కి చిమ్ముతుంది. కొరికేటప్పుడు పుట్టే మడ్డి గీతల్లో పేరుకుని కొరుకుడు ఆపేస్తుంది, అందుకని రేకును బోర్లించి ఉంచుతాను. కాస్త నిమ్మ ఉప్పు కలిపితే మడ్డి తగ్గుతుంది.

అసలు పనంతా కొరికించే వరసలో ఉంది. ముఖానికి పది నిమిషాలు చాలు, వెంటనే వార్నిష్‌తో మూసెయ్యాలి. తర్వాత బట్టలు, ఆఖరున గుంజ, నీడలు: ముప్పావుగంట దాకా. ఇవి చల్లటి రోజుల లెక్కలు. మే నెలలో ద్రావకం దూకుడుగా తింటుంది, ముందు తుక్కు రేకు మీద చూసుకోవడం మేలు. నలుపు కోసం అడ్డగీతలు మరీ దగ్గరగా గీసి ఎక్కువసేపు ఉంచితే మధ్య గట్లు కూలిపోతాయి. వెడల్పు గుంటలో సిరా నిలవదు, తుడుపుతోనే పోతుంది. నల్లగా రావాల్సినచోట బూడిదరంగు వస్తుంది.

తుడిచేటప్పుడు ముఖం మీద సిరా పొర వదిలితే విషాదం పెరుగుతుందని కొందరంటారు. నాకది దొంగ నీడ. అక్కడ అరచేత్తో శుభ్రంగా తుడుస్తాను. అయినా ప్రూఫులో (పరీక్షకు తీసిన అచ్చులో) ముఖం నల్లబడితే, నూనె చుక్కేసి బర్నిషర్‌తో (నున్నటి ఉక్కు పనిముట్టుతో) ఆ గీతల్ని నొక్కి లోతు తగ్గించడమే మార్గం.