మొహమాటంతో ఇచ్చిన రెండు లక్షలు, ఆ తర్వాత దొరికిన ఇల్లు

మెట్టుగూడలో ఏడేళ్ళు అద్దెకున్నాం. పెళ్ళయిన కొత్తలో అద్దె 8,500, ఖాళీ చేసే నాటికి 14,000. 2022 డిసెంబర్ 31 రాత్రి ఆరాధనకు వెళ్ళినప్పుడు ప్రార్థన మనవులు రాసే చీటీ ఇచ్చారు. మా ఆయన నా చేతిలో పెన్ను తీసుకుని "సొంత ఇల్లు" అని రాశారు. అప్పటికి మా పాపకి నాలుగేళ్ళు. గోడ మీద క్రేయాన్‌తో గీసిన ప్రతిసారీ "ఓనరు చూస్తే ఏమంటారు?" అని దాన్ని కసిరేదాన్ని. ఆ మాట ఇక అనకూడదని నాకు బలంగా ఉండేది.

నేను ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా ఆయన ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. ఇద్దరివీ కలిపి చేతికొచ్చేది 90 వేలు. ఇల్లు కొనడం గురించి మాకు తెలిసినవాళ్ళెవరూ వివరంగా చెప్పలేదు. మా రెండు వైపులా పెద్దవాళ్ళు ఊళ్ళో కట్టుకున్నవాళ్ళే కానీ, సిటీలో ఫ్లాటు కొన్నవాళ్ళు లేరు. అందుకే మా అనుభవం పూర్తిగా రాస్తున్నాను, తప్పు చేసిన చోటుతో సహా.

తప్పు మొదట్లోనే జరిగింది. 2023 జూన్‌లో మా చర్చికి వచ్చే ఒక బ్రదర్ ఈసీఐఎల్ అవతల అపార్ట్‌మెంట్ కట్టిస్తున్నారని తెలిసింది. ఆరాధన అయ్యాక ఆయనే వచ్చి మాట్లాడారు. 300 గజాల స్థలం, అంతస్తుకి రెండు ఫ్లాట్లు, మాకు చూపించింది 1,150 చదరపు అడుగులు, ధర 44 లక్షలు. చూడగానే మనసుకి నచ్చింది. ఐదో అంతస్తు, గాలి బాగా వస్తోంది, కిచెన్ కిటికీలోంచి ఒక వేపచెట్టు కనబడుతోంది. "మనవాళ్ళకి ఇస్తే నాకూ సంతోషం, ఇంకా ఇద్దరు అడుగుతున్నారు" అన్నారు. అక్కడే నిలబడి ప్రార్థన చేశారు కూడా. వారం తిరక్కుండా టోకెన్ కింద రెండు లక్షలు ఇచ్చేశాం. లక్ష బ్యాంకులోంచి పంపాం, లక్ష నగదు. రసీదు అడగలేదు. అగ్రిమెంట్ అడగలేదు. ప్లాన్ కాపీ అడగడానికి మా ఆయన నోటిదాకా వచ్చిందట, కానీ ప్రార్థన చేసి కళ్ళు తెరిచిన మనిషిని ఆ నిమిషంలో కాగితాలు అడగడం ఎలా అని ఊరుకున్నారు. నేనూ అలాగే ఊరుకున్నాను. మొహమాటం.

లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే వాళ్ళు అడిగిన మొదటి కాగితమే శాంక్షన్ ప్లాన్, అంటే మున్సిపాలిటీ ఆమోదించిన బిల్డింగు ప్లాన్. అది తెప్పించుకోవడానికి నెల పట్టింది. మా ఆయన ఆఫీసులో ఒకరి ద్వారా మల్కాజిగిరి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరు గారి దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మీది ఎన్నో అంతస్తమ్మా?" అన్నారు. ఐదు అన్నాను. "దీంట్లో స్టిల్ట్ మీద నాలుగే ఉన్నాయి కదమ్మా" అన్నారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పారు. స్టిల్ట్ అంటే కింద పార్కింగ్ కోసం వదిలే స్తంభాల అంతస్తు. దాని మీద పర్మిషన్ నాలుగంతస్తులకి తీసుకుని ఐదోది కట్టారు. ఆ ఐదో అంతస్తుకి ఓసీ, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్, రాదు, బ్యాంకు లోన్ ఇవ్వదు, మున్సిపాలిటీ నోటీసు ఇస్తే పక్కన నిలబడేవాళ్ళు ఉండరు. బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ రెరా. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా చాలు, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా చాలు, అందులో రిజిస్టర్ చేయక్కర్లేదు. ప్లాన్ ప్రకారం ఈ బిల్డింగులో ఎనిమిదే ఫ్లాట్లు. అందువల్ల రెరా సైట్‌లో మాకు ఏమీ కనబడలేదు. కనబడకపోవడం మామూలే అనుకున్నాం.

డబ్బు వెనక్కి అడగడం ఇవ్వడం కంటే వంద రెట్లు కష్టం. బ్యాంకులోంచి పంపిన లక్ష రెండు నెలలకి వచ్చింది. నగదు ఇచ్చిన లక్షకి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఫోన్ చేస్తే "సైట్‌లో ఉన్నానమ్మా" అనేవారు. ఆదివారం చర్చిలో ఎదురుపడితే ఇద్దరం తల దించుకునేవాళ్ళం.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ప్రభు బల్ల. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆ సంస్కారం ఉంటుంది. ఆ సెప్టెంబర్‌లో ఆయన నా ముందు వరుసలోనే ఉన్నారు. మనసులో కోపం పెట్టుకుని చెయ్యి చాచలేక వెనక్కి వచ్చేశాను. బయట చెప్పుల దగ్గర కూర్చుని ఏడ్చాను. అక్టోబర్‌లో కూడా తీసుకోలేదు. పాస్టరమ్మ గారు గమనించి ఇంటికొచ్చారు. చెప్పకూడదనుకున్నాను కానీ అంతా చెప్పేశాను. ఆవిడ ఆయన్ని ఒక్క మాట కూడా తిట్టలేదు, నన్ను ఓదార్చడానికి వాక్యమూ చెప్పలేదు. "నగదు ఇచ్చిన తేదీ ఒక కాగితం మీద రాసివ్వమ్మా" అన్నారు. పాస్టర్ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే ఆ లక్ష నాలుగు విడతల్లో 2024 జనవరికి పూర్తిగా అందింది. ఆఖరి పాతిక వేలు ఇచ్చిన రోజు ఆయన "క్షమించమ్మా" అన్నారు. క్షమించాను. కానీ ఆ ఏడు నెలలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక రెండోసారి వెతికేటప్పుడు మా పద్ధతి మారింది. ముందు కూర్చుని లెక్క వేసుకున్నాం. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవడం గురించి యేసుప్రభువు చెప్పిన మాట మా ఆయన ఆ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నారు.

బ్యాంకు ఆయన మా జీతాలు చూసి 50 లక్షల దాకా లోన్ వస్తుందన్నారు. నెలకి 45 వేలు కట్టగలరు అని ఆయన లెక్క. ఆ లెక్కలో మా దశమభాగం, అంటే జీతంలో దేవుడికని ఇచ్చే పదో వంతు, లేదు. ఉండదు కూడా, అది ఏ బ్యాంకు ఫారంలోనూ అడగరు. ఈఎంఐ పోయాక మిగిలిన దాంట్లోంచి ఇద్దామా, ముందు తీసిపెట్టి మిగిలిన దాంట్లో ఈఎంఐ చూసుకుందామా అని మేమిద్దరం రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. పోట్లాడుకున్నాం అన్నా తప్పు లేదు. కొన్నాళ్ళు సగం ఇద్దామని నేనే అన్నాను. మా ఆయన వద్దన్నారు. ఇల్లు తగ్గించుకుందాం గానీ అది తగ్గించొద్దు అన్నారు. చివరికి 36 లక్షల లోన్ చాలనుకున్నాం. 20 ఏళ్ళకి, 8.5 శాతం వడ్డీకి ఈఎంఐ 31,242. దశమభాగం 9,000. రెండూ పోగా చేతిలో 49,758. దాంతో బతకగలమా అని మూడు నెలలు నిజంగా బతికి చూశాం. అద్దె పోను ఈఎంఐకి తక్కువైన 17 వేల చిల్లర ప్రతి నెలా వేరే ఖాతాలో వేశాం. ఇల్లు కొనాలనుకునేవాళ్ళు ఇది తప్పకుండా చేసి చూడండి. మాకు రెండో నెలలో పాపకి జ్వరం వచ్చి తల్లకిందులైంది, మూడో నెలలో కుదుటపడింది.

కాప్రాలో ఈ ఫ్లాటు 2024 ఫిబ్రవరిలో చూశాం. 2006లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, 1,050 చదరపు అడుగులు, రెండు పడకగదులు. అమ్మేవాళ్ళు రైల్వేలో రిటైరైన అంకుల్, ఆంటీ. బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. 51 లక్షలు చెప్పారు. ఫ్లాటు దక్షిణం వైపు ముఖం. ఎనిమిది నెలలుగా చూడ్డానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోతున్నారట. "సౌత్ ఫేసింగమ్మా, ముందే చెప్తున్నా, మీకు పర్వాలేదా?" అని ఆంటీ గుమ్మంలోనే అడిగారు. మేం వాస్తు చూడం అన్నాం. ఆవిడ ముఖంలో వచ్చిన ఊరట మర్చిపోలేను. బేరం 47 లక్షలకి తెగింది.

ఈసారి కాగితాలన్నీ మొదటి రోజే అడిగాను. అడుగుతుంటే నోరు తడారిపోయింది. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు), శాంక్షన్ ప్లాన్, ఓసీ, ఆస్తి పన్ను రసీదులు. అంకుల్ లోపలికెళ్ళి నీలం రంగు ఫైలు ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి రసీదు మీదా ఆయన చేతిరాతలో తేదీ, మొత్తం. 2006 నుంచి కట్టిన ప్రతి పన్నూ ఉంది. "తీసుకెళ్ళి మీ లాయరుకి చూపించుకో తల్లీ" అన్నారు. నేను అనుమానించానని ఆయన ఎక్కడా అనుకోలేదు. అంత తేలిగ్గా అయిపోయింది.

లాయరు గారు ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లోంచి 1983 నుంచీ తీశారు. స్థలం రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అదే 22-ఏలో, ఉందేమో చూశారు. కాప్రా చెరువు దగ్గరే కాబట్టి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు, ఎక్కడిదాకా ఉందో కూడా చూశారు. మా అపార్ట్‌మెంట్ దానికి బాగా దూరం. ఆ ఏడాది జులైలో ఆక్రమణలు తొలగించడానికి ప్రభుత్వం పెట్టిన హైడ్రా వచ్చి, చెరువుల్లో కట్టినవి కూలుస్తున్న వార్తలు రోజూ టీవీలో చూసినప్పుడు మా ఆయన ఆ మ్యాపు ప్రింటు మళ్ళీ బయటికి తీసి చూసుకున్నారు. డబ్బు పెట్టినవాళ్ళకి ఆ భయం తెలుస్తుంది.

మధ్యలో బ్రోకరు ఒక మాట అన్నారు. రిజిస్ట్రేషన్ 35 లక్షలకి చూపించి మిగతాది చేతికిచ్చేస్తే మీకు 90 వేలు మిగులుతాయి అని. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 47 లక్షల మీద అది 3,52,500. 90 వేలంటే మా ఇద్దరి నెల జీతం. నాకు ఆశ పుట్టింది, దాచను. కానీ తక్కువ చూపిస్తే లోన్ తగ్గుతుంది, పైగా అబద్ధం మీద సంతకం పెట్టి ఆ ఇంట్లో ఏమని ప్రార్థన చేస్తాం? అంకుల్ కూడా ఒక్క రూపాయి బ్లాక్ వద్దన్నారు. ధర 50 లక్షల లోపే కాబట్టి టీడీఎస్, అంటే అమ్మేవాళ్ళకి ఇచ్చే సొమ్ములోంచి ముందే పట్టే ఆదాయపన్ను, కట్టాల్సిన పని మాకు పడలేదు. 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్ళే 1 శాతం పట్టుకుని కట్టాలి.

మొత్తం మా చేతి నుంచి పెట్టింది 15 లక్షల 40 వేలు. ఇంటి ధరలో మా వాటా 11 లక్షలు, రిజిస్ట్రేషన్ 3,52,500, బ్రోకరుకి ఒక శాతం 47 వేలు, బ్యాంకు ప్రాసెసింగు, లాయరు, మార్ట్‌గేజ్ కాగితాలు అన్నీ కలిపి ఇంకో 40 వేలు. చాలామంది డౌన్ పేమెంట్ వరకే కూడబెట్టుకుంటారు. ఈ మిగతా నాలుగు లక్షల పైచిలుకు దగ్గరే ఇబ్బంది పడతారు. మాకు ఫిక్స్‌డ్ డిపాజిట్ 5,20,000, పీఎఫ్‌లోంచి తీసింది 3,40,000, పాడుకున్న చీటీ 3 లక్షలు, మామయ్య గారు ఇచ్చినవి 2 లక్షలు. మిగిలిన 1,80,000 నా పెళ్ళి గాజులు, హారం. అమ్మేశాను. అమ్మ ఒకరోజు మాట్లాడలేదు, తర్వాత తనే ఫోన్ చేసింది.

ఏప్రిల్‌లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని గంటన్నరలో అయిపోయింది. వేలిముద్రలు, ఫోటో, ఇద్దరు సాక్షులు. బ్యాంకు తరఫున ఒకబ్బాయి డీడీ పట్టుకుని వచ్చి, డాక్యుమెంటు కాగానే అసలు కాగితాలు బ్యాంకుకి తీసుకెళ్ళిపోయాడు. సాక్షుల్లో ఒకరు పాస్టర్ గారు.

తాళాలు ఇవ్వడానికి ఆంటీ పదిరోజులు గడువు అడిగారు. హాల్లో గోడలోకి చెక్కించిన పూజ గూడు ఉంది. దేవుడి పటాలు మంచిరోజు చూసి తియ్యాలన్నారు. అద్దె ఇంకో నెల పడుతుందని తెలిసినా సరేనన్నాం. వెళ్ళేముందు ఆవిడ ఆ గూడు కడిగి తుడిచి, "మీరు ఇందులో ఏం పెట్టుకుంటారమ్మా?" అని అడిగారు. బైబిల్ పెట్టుకుంటామని చెప్పాను. "మంచిది, ఖాళీగా ఉంచకు" అన్నారు. అందులో మా మామయ్య గారి పాత బైబిలు, కీర్తనల పుస్తకం పెట్టాం. కింద అరలో పాప క్రేయాన్లు.

గృహ ప్రతిష్ఠ ప్రార్థన మే నెలలో పెట్టుకున్నాం. పాస్టర్ గారు 127వ కీర్తన చదివారు. బగారా అన్నం, కోడికూర వండించాం. ఆ బ్రదర్ కుటుంబాన్ని కూడా పిలిచాం. వచ్చారు. భోజనం చేసి, పాప చేతిలో ఒక కవరు పెట్టి వెళ్ళారు.

అసలు డాక్యుమెంట్లు బ్యాంకులో ఉన్నాయి, నీలం ఫైలు మాత్రం నా దగ్గరే ఉంది. మా ఆస్తి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది. మొన్న కట్టి, రసీదు ప్రింటు తీసి, అంకుల్ పెట్టిన చివరి రసీదు వెనకాల పెట్టాను. ఆయన రాసినట్టే మూలన తేదీ, మొత్తం రాశాను. పాప పక్కన కూర్చుని చూస్తోంది. "ఇది మన ఇంటి కాగితమా?" అని అడిగింది. అవునన్నాను.