ఒకే బరువు, రెండు సీసాలు

ఏప్రిల్ మధ్యాహ్నం మా ప్రయోగశాల కిటికీ తెరిస్తే శేషాచలం కొండల వేడి మొత్తం గదిలోకి వచ్చినట్టు ఉండేది. ఎం.ఫిల్. చేసే రోజుల్లో, తిరుపతిలోని ఆ గదిలోనే అమైనో ఆమ్లాలను నీటిలో కరిగించి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం కొలిచేదాన్ని.

విద్యుదావేశాల మధ్య బలాన్ని ఒక పదార్థం ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే అంకె అది. 25 డిగ్రీల దగ్గర నీటికి 78.4. నీటిలో ఉప్పు అంత తేలిగ్గా విడిపోవడానికి కారణం ఇదే. కానీ కరిగిన తరువాత ఆ ఉప్పే ఈ అంకెను కిందికి లాగుతుంది. చక్కెర కలిపినా తగ్గుతుంది. అమైనో ఆమ్లాల్లో అన్నిటికంటే చిన్నదైన గ్లైసీన్‌తో కూడా అలాగే జరుగుతుందనుకున్నాను.

7.5 గ్రాములు తూచి, 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో గీత దాకా నీళ్లు పోశాను. కొలిస్తే 101 వచ్చింది! ఫ్లాస్కు బోరునీళ్లతో కడిగిన పాపమేమోనని, రెండుసార్లు స్వేదనం చేసిన నీళ్లతో మూడుసార్లు కడిగి మళ్లీ చేశాను. అదే 101.

నీటిలో గ్లైసీన్ అణువు ఒక కొసన ధనావేశం, మరో కొసన ఋణావేశం మోస్తుంది. మొత్తం మీద ఆవేశం సున్నా. అందువల్ల కొలిచే పరికరంలోని ఏ విద్యుత్ పలక వైపూ పరుగెత్తదు, ఉన్నచోటే విద్యుత్ క్షేత్రం దిశకు తిరుగుతుంది. అంకె పెరిగేది అందుకే. కొసల మీది ఆవేశాన్ని, వాటి మధ్య దూరాన్ని కలిపి చెప్పే కొలత ద్విధ్రువ భ్రామకం, దాని ప్రమాణం డిబై. విడి నీటి అణువుకు అది 1.85 డిబైలైతే గ్లైసీన్‌కు 15 దాకా ఉంటుంది.

నన్ను అసలు కట్టిపడేసినవి ఆ తరువాత తెచ్చిన రెండు సీసాలు: అలనిన్, బీటా అలనిన్. రెండింటిలోనూ అవే పరమాణువులు, అంతే సంఖ్యలో. రెండూ తెల్లటి పొడులే. రెండూ 8.9 గ్రాముల చొప్పున తూచాను. తేడా ఒక్కటే, బీటాలో ధనావేశం మోసే కొస, అంటే అమైన్, ఒక కార్బన్ అవతలికి జరిగి ఉంటుంది. అలనిన్ అంకెను దాదాపు 23 పెంచింది, బీటా దాదాపు 35. రెండు ఆవేశాల మధ్య దూరం కాస్త పెరిగినందుకే ఇంత తేడా. కంటికి కనిపించని అణువు పొడవును ఆ రోజు నేను చేత్తో తడిమినట్టే అనిపించింది. 1933లోనే జెఫ్రీస్ వైమన్, మెక్‌మీకిన్ అనే శాస్త్రవేత్తలు ఈ కొలతలు ప్రచురించారు. ఆ పట్టిక పక్కన నా అంకెలు రాసుకున్నప్పుడు చేయి వణికింది.

ఒకసారి కరెంటు పోయి, ద్రావణాలను ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచే నీటితొట్టి వేడి అదుపు తప్పింది. డిగ్రీ పెరిగితే నీటి అంకె 0.36 దాకా పడిపోతుంది, 35 డిగ్రీలకు 75 కిందికి చేరుతుంది. ఆ రోజు కొలతలన్నీ కొట్టివేశాను. ఉష్ణోగ్రతను కట్టి ఉంచకపోతే అమైనో ఆమ్లం చేసిన పని ఎంతో తెలియదు.

ఈ మధ్య ఈ రెండు సీసాల కథ తరగతిలో చెప్పాను. వెనుక బెంచీ అమ్మాయి లేచి, “ఆ రెండు కొసలూ ఇంకా దూరంగా ఉంటే, మేడమ్?” అంది. అమైన్ ఆరో కార్బన్‌పై ఉండే అమైనోకాప్రోయిక్ ఆమ్లం గురించి చెప్పాను. మోలార్ ద్రావణంలో, అంటే 100 మిల్లీలీటర్లలో 13.1 గ్రాములు కరిగినప్పుడు, అది అంకెను 70కి పైగా పెంచుతుంది. “అయితే నీళ్లకు దాదాపు రెట్టింపు!” అంది. సోమవారం ఆ అమ్మాయి చేతనే 13.1 గ్రాములు తూయిస్తాను.