జానెడు గుర్రానికి జీను సామాను: తిరుపతి బజార్లో ఒక రోజు

చిత్తూరు నుంచి తిరుపతికి పొద్దున మొదటి బస్సుల్లో ఒకటి పట్టుకున్నాను. ఒళ్లో అట్టపెట్టె, అందులో దూదిగుడ్డ చుట్టిన బ్రేయర్ గుర్రం, అంటే ఆ పేరుగల అమెరికా కంపెనీ చేసే బొమ్మ గుర్రం. కొలతలు కాగితం మీద రాసుకుని పోతే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఒకే స్కేలులో వచ్చిన రెండు అచ్చులకు ముఖం పొడవు, మెడ లావు ఒకటిగా ఉండవు. ఒకదానికి అమిరిన కళ్లెం రెండోదాని చెవుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే సామాను కొనేటప్పుడు గుర్రం పక్కన ఉండాలి.

పెట్టెను పైన సామాన్ల బల్ల మీద పెట్టకుండా ఒళ్లో పెట్టుకోవడానికీ కారణం ఉంది. ఈ పెద్ద సైజు బొమ్మలు సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే కాళ్లు మెత్తబడి వంగిపోతాయి. వేడినీళ్లలో ముంచి నెమ్మదిగా సరిచేయవచ్చు, కానీ రంగుకు ముప్పు. మన రాయలసీమ ఎండలకు ఇది గుర్తుండాలి.

బ్రేయర్‌లో ట్రెడిషనల్ సైజు అంటే 1:9 (అసలు గుర్రంలో తొమ్మిదో వంతు), క్లాసిక్ 1:12, స్టేబుల్‌మేట్ 1:32. నేను చేసేది మొదటిదానికి. మూపు దగ్గర 152 సెం.మీ. ఉండే గుర్రం ఇక్కడ 17 సెం.మీ. అవుతుంది. తలెత్తి నిలబడితే జానెడు. అసలు కళ్లెం పట్టీ 16 మి.మీ. వెడల్పు ఉంటే మనకు 1.8 మి.మీ. కావాలి. రికాబు (జీనుకు వేలాడే, కాలు పెట్టుకునే ఇనుము) తోలు 25 మి.మీ. అయితే 2.8. రికాబు ఎత్తు 120 మి.మీ. ఉంటే 13 చిల్లర. నాలుగు మి.మీ. మందం తోలు 0.45కి దిగాలి. వెడల్పు అందరూ చూసుకుంటారు, చెడేది మందం దగ్గర. 0.8 మి.మీ. తోలును సన్నగా కోసి కట్టారనుకోండి, అది అసలు గుర్రం మీద ఏడు మి.మీ. పైన మందం ఉన్న పట్టీతో సమానం. కళ్లెం కాదది, ఎద్దుకు వేసిన పలుపులా కనబడుతుంది. అమెరికాలో మోడల్ గుర్రాల పోటీల్లో జీను కట్టి చూపించే విభాగాలు వేరే ఉంటాయి. అక్కడ న్యాయనిర్ణేతలు సామాను అమరికను, స్కేలును పట్టి పట్టి చూస్తారు.

బస్సు దిగి ముందు తోలు పని చూసుకున్నాను. చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గర మేక తోలు ముక్కలున్నాయి, లైనింగుకు వాడేవి, 0.7 మి.మీ. చిల్లర. ముక్క ఎంచుకునేటప్పుడు రెండు చూడాలి. ఒకటి, కోసిన అంచు రంగు. క్రోమ్ పదును తోలైతే (క్రోమియం ఉప్పులతో చర్మాన్ని తోలుగా మార్చినదైతే) లోపల బూడిద నీలం ఉంటుంది, పైరంగు ఎంత బాగున్నా సన్నగా కోసిన పట్టీ అంచులో ఆ నీలం గీత బయటపడుతుంది. పైగా దాని మీద గీసిన గీత నిలవదు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలైతే తడిపి నొక్కితే గుర్తు పట్టుకుంటుంది. దక్షిణాదిలో తంగేడు బెరడుతో తోలు పదును చేయడం పాత పద్ధతి. దొరికితే వదలకండి. రెండోది, తోలు ఏ భాగానిదన్నది. వెన్ను వెంట నిలువుగా కోసిన పట్టీ సాగదు, పొట్ట భాగం సాగుతూనే ఉంటుంది.

"ఇంత పల్చగా దేనికి నాయనా, చేతి గడియారానికా?" అన్నాడాయన. గుర్రం చూపించాను. రెండు నిమిషాలు తిప్పి తిప్పి చూసి, "దీనికి లాడాలు కొట్టినారా?" అని కాళ్ల కింద వెతికాడు. తర్వాత రంపె (తోలు కోసే కత్తి) తీసి రాతి పలక మీద తోలును తిరగేసి పరిచి, బ్లేడును దాదాపు పడుకోబెట్టి గీకుతూ పోయాడు. నేను ఇంట్లో అద్దం ముక్క మీద చేసే పని ఆయన రాయి మీద చేశాడు, అంతే తేడా. ఒకేసారి లోతుగా దించకూడదు, మధ్యలో కన్నం పడుతుంది. నాలుగైదు సార్లు, ప్రతిసారీ అంచు నుంచి బయటికి. జానెడు ముక్క 0.45కి దిగడానికి పావుగంట పట్టింది.

పట్టీలు కోయడం ఇంట్లోనే. తోలు పొడిగా ఉండాలి, కొత్త బ్లేడు, ఇనుప స్కేలు. బ్లేడును ఈడిస్తే తోలు దానితో పాటు జరిగి పట్టీ కొడవలిలా వంకర పోతుంది. స్కేలును గట్టిగా అదిమి, తేలిక చేత్తో మూడు నాలుగు గీతల్లో తెగనివ్వాలి. కోశాక ఒకసారి లాగి సాగదీసి, ఆ తర్వాతే కొలవాలి. లేకపోతే కట్టిన వారానికి ముక్కుపట్టీ ముక్కు మీదికి జారుతుంది. రంగు ముందు, జిగురు తర్వాత. జిగురు చిమ్మిన చోట రంగు పట్టదు, మెరిసే మచ్చ మిగిలిపోతుంది. అంచులకు తేనెమైనం రుద్ది గుడ్డతో ఒత్తితే పోగులు అణుగుతాయి.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దుకాణాలు తెరిచేసరికి పది దాటింది. ఇంట్లో విగ్రహాలకు పెట్టే కిరీటాలు, హారాలు, కవచాలు, చిన్న గొలుసులు ఇక్కడ దొరికినన్ని రకాలు నేను ఇంకెక్కడా చూడలేదు. ఎక్కడికి పోయినా మొదటి ప్రశ్న ఒకటే.

"స్వామి ఎన్నంగుళాలన్నా?"

"స్వామి కాదన్నా, గుర్రం."

పెట్టె తెరిచాను. "ఓ, అశ్వవాహనమా! మరి పైన కూర్చునే స్వామిది కొలత చెప్పండి."

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు పొద్దున రథోత్సవం, రాత్రి అశ్వవాహనం మీద కల్కి అలంకారం. ఈ ఊళ్లో గుర్రం అంటే మనసు అటే పోతుంది మరి. నాకు ఆ తిప్పలు లేవు గానీ, కొలువులో పెట్టడానికి అలంకారం చేసేవాళ్లకు ఒక మాట: 1:9లో నిలబడిన మనిషి 19 సెం.మీ. ఉంటాడు. ఏడంగుళాల విగ్రహానికని అమ్మే నగలు ఎత్తుకు సరిపోతాయి, కానీ వాటి పూసలు, రాళ్లు దూరం నుంచి కనబడాలని పెద్దవిగా చేస్తారు. నాలుగు మి.మీ. రాయి అంటే గుర్రం నుదుటి మీద 36 మి.మీ. రాయి. రాజుల గుర్రానికైతే సరే, మామూలు కళ్లానికి ఎబ్బెట్టు.

గుర్రం గడ్డం కింద బిట్‌కు (నోట్లో పెట్టే ఇనుప కడ్డీకి) తగిలించే గొలుసుకు అడ్డం ఒకటిన్నర మి.మీ. ఉండే అల్లిక గొలుసు తీసుకున్నాను. బిట్ రింగులకు బయటి కొలత 8 మి.మీ. ఉన్న తీగ రింగులు. అసలు రింగు 70 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి సరిపోతుంది. గుండ్రటి కొక్కేలు మాత్రం ఎన్ని చూసినా పనికిరావు. గొలుసు మొత్తం కట్టగా మాత్రమే అమ్ముతామంటారు, అడుగు ముక్క కావాలంటే మొహం చూస్తారు. కాస్త రద్దీ లేని వేళ అడగాలి. బ్రహ్మోత్సవాల వారంలో ఈ పని మీద రావద్దు.

అసలు చిక్కు బకిల్సుతో. బయటి దేశాల్లో చేసేవాళ్లు పల్చని లోహపు రేకును ఆమ్లంతో కరిగించి అచ్చు తీసిన బకిల్సు పొట్లాలుగా కొనుక్కుంటారు. ఇక్కడ తీగతో చేసుకోవడమే. ఒక సందులో కంసాలి దగ్గర కూర్చుని రెండు డజన్లు చేయించాను. ఆయన ముందు జర్మన్ సిల్వర్ తీగను కమ్మచ్చులో (తీగను సన్నం చేసే కన్నాల పలకలో) లాగి 0.4 మి.మీ.కి దించాడు. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, స్టీలు మెరుపు వస్తుంది, ఇంగ్లీషు తరహా కళ్లానికి బాగుంటుంది. ఇత్తడి అయితే చేతి చెమటకు నల్లబడుతుంది.

మేకును ఆకురాయితో 2 మి.మీ. వెడల్పు, ఒకటిన్నర మందం వచ్చేదాకా అరగదీసి నేను తీసుకెళ్లాను. తీగను దాని మీద ఇరవై చుట్లు చుట్టాలి. మొదటిసారి చుట్లు తీయగానే పక్కలు ఉబ్బి పీపాల్లా అయ్యాయి. తీగ బిరుసుగా ఉండడమే కారణం. మళ్లీ మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, చుట్టి, మేకు మీదే ఉంచి పక్కల్ని సుతారంగా తట్టాడు. నిలిచాయి. కోయడం పట్టకారుతో కాదు, సన్న రంపంతో. పట్టకారు కొనల్ని ఉలిమొనలా నొక్కేస్తుంది, అతుకు కలవదు. కోత పొడుగు భుజం మధ్యలో రావాలి, అది తోలు మడతలో దాగిపోతుంది. వెలిగారం, సూదిమొనంత టంకం. ఎక్కువైతే లోపలి మూలలు పూడిపోయి పట్టీ దూరదు. ఇరవై నాలుగులో ఏడు అలాగే పోయాయి. అతకకుండా వదిలేద్దామా అన్నాడాయన. మనిషి లాగడు కదా అని వదిలితే, పొట్టపట్టీ బిగించేటప్పుడు తెరుచుకుంటుంది. లోపలి ముల్లుకు 0.3 మి.మీ. తీగ వేరే.

మగ్గం పని సామాన్ల దుకాణంలో పది నిమిషాలే. ఒకటిన్నర మి.మీ. పూసలు, పట్టుదారం, ఆరు మి.మీ. జరీ అంచు ఒక గజం. అంచులో మామిడిపిందె నాలుగు మి.మీ. దాటకుండా చూసుకోవాలి. కుచ్చులకు పట్టుదారాన్ని పాయలు విడదీసి వాడాలి, మొత్తం దారంతో చేస్తే చీపురు కట్టలు అవుతాయి.

మధ్యాహ్నం లాడ్జి గదిలో జీను కొలత తీసుకున్నాను. ఈ పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. గుర్రం నడుముకు పల్చని ప్లాస్టిక్ కవరు బిగుతుగా చుట్టాలి, దాని మీద పెయింటర్లు వాడే కాగితం టేపు రెండు పొరలు. ఆ టేపు మీద పెన్సిలుతో వెన్ను గీత, జీను రెక్కలు, పొట్టపట్టీ పడే చోటు గీసి, వెన్ను గీత వెంట కోసి విప్పితే అదే నమూనా. బల్లపరుపుగా పరిచినప్పుడు ముడత పడిన చోట చిన్న కోత పెట్టాలి. తోలు జీనులో ఆ కోతే కుట్టు అవుతుంది. కుట్లు మాత్రం నిజంగా వేయలేం. అసలు జీను మీద కుట్టుకు మూడు మి.మీ., మనకు మూడోవంతు మి.మీ. తడి తోలు మీద సూదిమొనతో చుక్కలు నొక్కడమే.

కళ్లెం కట్టి చూశాను. నోరు మూసి ఉన్న అచ్చు కాబట్టి బిట్‌ను రెండు ముక్కలుగా చేసి, పెదవి మూలల్లో ఆవగింజంత మెత్తని మైనంతో అంటించాలి. చెంపపట్టీ రెండు మి.మీ. పొడుగైంది, ఒక కన్నం పైకి జరిపాను. పట్టీని ఆపే చిన్న ఉంగరాల కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికించడం నా పొరపాటు. అక్కడ బొడిపెలు లేచాయి. కొనలు ఎదురెదురుగా ఆనించాలి. ఆ నాలుగూ పీకి మళ్లీ చేయాలి.

సాయంత్రం బస్సుకు ముందు అన్నీ విప్పేశాను. మైనం వేడికి కరిగితే రంగులోకి దిగుతుంది, కొత్తగా రంగేసిన తోలు తెల్ల గుర్రం మీద ఒక రాత్రి ఉంటే చాలు, గోధుమ గీత పడుతుంది. తోలు సామాను కాగితంలో, బకిల్సు మాత్రల డబ్బాలో, గుర్రం మళ్లీ దూదిగుడ్డలో. రబ్బరు బ్యాండు మాత్రం దేనికీ వేయలేదు.